అల్లర్లు జరిగితే ఎవరిని అడగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

1990 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో కర్ఫ్యూ పెట్టినప్పుడు నాది బడికెళ్ళే వయసు. రోజుకు కొద్ది గంటలు సడలింపు ఉండేది. అది మొదలవగానే మా అమ్మ సంచీ పట్టుకుని పాలకీ కూరగాయలకీ పరుగెత్తేది. నాన్న గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటూ ఉండేవాడు. ఏమైందని అడిగితే పెద్దవాళ్ళందరూ ఒకటే మాట చెప్పేవారు: ‘గొడవలయ్యాయి’. వాన పడింది, కరెంటు పోయింది అన్నట్టు. తర్వాత చాలా ఏళ్ళు కోర్టు వార్తలు రాసిన మీదట ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. ప్రతి కేసు కాగితాల్లోనూ గొడవకి రెండు రోజుల ముందు ఎవరికో ఏదో తెలుసని ఉంటుంది. ఆ తెలిసినవాళ్ళు ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. ఈ విషయం మీద పాఠకులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి. నేను లాయర్ని కాను. కేసు ఉంటే లాయర్ని కలవండి.

చట్టం లెక్కలో ‘అల్లర్లు’ అంటే ఏమిటి? ఎంతమంది ఉండాలి?

ఐదుగురు చాలు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో ఒకచోట చేరితే దాన్ని చట్టవిరుద్ధ సమూహం అంటారు (భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 189). ఆ సమూహంలో ఎవరైనా ఆ ఉద్దేశం కోసం బలప్రయోగానికి దిగితే అందరిమీదా అల్లర్ల కేసు పడుతుంది. అది సెక్షన్ 191. రెండేళ్ళ దాకా జైలు, చేతిలో మారణాయుధం ఉంటే ఐదేళ్ళ దాకా. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, కాబట్టి పాత కేసుల్లో 147, 148, 149 అని కనిపిస్తే కంగారు పడకండి.

ఆపాల్సిన బాధ్యత రాష్ట్రానిదా, కేంద్రానిదా?

రాష్ట్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా తెరిస్తే మొదటి అంశమే ప్రజాశాంతి, రెండోది పోలీసు. ఆంతరంగిక కల్లోలం నుంచి రాష్ట్రాలను కాపాడే బాధ్యత 355వ అధికరణం కేంద్రం మీద కూడా పెట్టింది గానీ, కేంద్రం సాధారణంగా చేసేది బలగాలు పంపడం, హెచ్చరికలు పంపడం. ఢిల్లీ సంగతి వేరు, అక్కడి పోలీసులు కేంద్ర హోంశాఖ కింద ఉంటారు. ఒక రాష్ట్రంలో గొడవ జరిగితే కేంద్రం వైపు, కేంద్రం మాట్లాడితే రాష్ట్రం వైపు వేళ్ళు చూపించుకోవడం మనం చూస్తూనే ఉంటాం. కాగితం మీద మాత్రం ఇందులో అయోమయం ఏమీ లేదు.

గొడవ జరగబోతోందని ముందే తెలిస్తే పోలీసులు ఏం చేయగలరు? జరిగాకే కదా కేసు పెట్టేది?

చాలామంది అలాగే అనుకుంటారు, అది తప్పు. నేరం జరగకుండా అడ్డుకోవడం పోలీసు విధి అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 168 నేరుగా చెబుతోంది. సెక్షన్ 170 కింద వారెంట్ లేకుండా ముందస్తు అరెస్టు చేయొచ్చు, అయితే 24 గంటలకు మించి ఉంచుకోవాలంటే వేరే ఆధారం చూపాలి. ఇక మన స్టేషన్లలో రోజూ వినిపించే ‘బైండోవర్’ ఉంది. గొడవలకు దిగే అలవాటున్నవాళ్ళను తహసీల్దార్ లేదా ఆర్‌డీఓ ముందు హాజరుపరిచి, శాంతిగా ఉంటామని బాండు రాయించుకుంటారు. మాట తప్పితే ఆ సొమ్ము జప్తు. ఎన్నికలప్పుడు వందల మందిని బైండోవర్ చేసే స్టేషన్‌కు పండగకు ముందు పదిమంది పేర్లు తెలియవంటే నమ్మడం కష్టం.

‘హౌస్ అరెస్ట్’ అని టీవీలో వస్తుంటుంది చూడండి, ముందస్తు చర్యగా ఇంట్లోంచి కదలనీయకుండా ఉంచడానికి చట్టంలో నేరుగా ఒక సెక్షనంటూ లేదు. నోటీసు చేతికిచ్చి గేటు బయట నలుగురు కానిస్టేబుళ్ళను కూర్చోబెట్టడమే.

వీటన్నిటికన్నా పనిచేసేది మాట్లాడటం. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబర్ 28నే వచ్చాయి. బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా సాగే శోభాయాత్ర చార్మినార్ మీదుగానే పోవాలి. మిలాద్ జులూస్ కూడా పాతబస్తీలోనే. ముందుగానే పోలీసులు, పెద్దలు కూర్చున్నారు, ముస్లిం సంస్థలు జులూస్‌ను అక్టోబర్ 1కి మార్చుకున్నాయి. మరుసటి ఏడాది మళ్ళీ అదే చిక్కు వచ్చింది, మళ్ళీ జులూస్ రెండు రోజులు వెనక్కి జరిగింది. జరగని గొడవకు హెడ్డింగ్ ఉండదు కాబట్టి ఇది ఎవరికీ గుర్తుండదు. నా దృష్టిలో హైదరాబాద్ పోలీసింగ్‌లో చెప్పుకోవాల్సింది ఇలాంటివే.

ఊరేగింపుకు పర్మిషన్ తప్పనిసరా? రూటు ఎవరు ఖాయం చేస్తారు?

ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారం జిల్లాల్లో 1861 నాటి పోలీసు చట్టం సెక్షన్ 30 ఇస్తుంది. ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అని మైకులో చెప్పేది దీని గురించే. హైదరాబాద్‌కు నిజాం కాలంలో, 1348 ఫసలీలో (ఫసలీ అంటే అప్పటి సంవత్సర లెక్క) వచ్చిన సిటీ పోలీసు చట్టం ఉంది. అది ఇంకా నడుస్తోంది. రూటు, టైము, డీజేలు, ఏ మలుపు దగ్గర ఆగకూడదు, ఇవన్నీ షరతులుగా పెట్టొచ్చు. షరతు పెట్టి వదిలేయడం వేరు, దాన్ని అమలు చేయించడం వేరు. ప్రార్థనాస్థలం ముందు అరగంట ఆగి పాట పెట్టినప్పుడు బందోబస్తులో ఉన్న ఎస్ఐ ఏం చేశాడన్నది తర్వాతి విచారణలో మొదటి ప్రశ్న కావాలి. చాలాసార్లు కాదు.

144 సెక్షన్ అంటే కర్ఫ్యూయేనా?

కాదు. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో దాని నంబర్ 163, జనం నోట మాత్రం ఇంకా 144నే. ఐదుగురు గుమికూడవద్దు, సభలు పెట్టొద్దు, కర్రలు పట్టుకు తిరగొద్దు లాంటి నిషేధాలు అందులో పెడతారు. ‘ఇంట్లోంచే బయటికి రావద్దు’ అని అందులోనే రాస్తే దాన్ని మనం కర్ఫ్యూ అంటాం. జిల్లాల్లో కలెక్టరో ఆయన కింది మేజిస్ట్రేటో, హైదరాబాద్‌లో పోలీస్ కమిషనరో ఉత్తర్వు ఇస్తారు. రెండు నెలలకు మించి ఉండదు, ప్రభుత్వం కావాలనుకుంటే ఇంకో ఆరు నెలలు పొడిగించవచ్చు. ఉత్తర్వును ప్రచురించాలని, కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ కేసులో చెప్పింది.

ఉత్తర్వు ఉంది కదా అని గొడవ ఆగదు. 2022 మే 24న అమలాపురంలో నిషేధాజ్ఞలు అమల్లో ఉండగానే వేల మంది రోడ్డెక్కారు. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే ప్రతిపాదన మీద రగిలిన గొడవ అది. సాయంత్రానికి ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పోలీసులకూ రాళ్ళ దెబ్బలు తగిలాయి. ఒక కాగితం మీద సంతకం పెట్టినంత తేలిగ్గా దాన్ని అమలు చేసే బలగం రాదు.

ఇంటర్నెట్ ఎందుకు ఆపేస్తారు? అది చట్టబద్ధమేనా?

పద్ధతి పాటిస్తే చట్టబద్ధమే. హోంశాఖ కార్యదర్శి స్థాయి అధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి, ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదు, సమీక్ష కమిటీ దాన్ని చూడాలి. అమలాపురంలో అలా ఆపేసిన రోజుల్లో వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు సంకనేసుకుని సిగ్నల్ దొరికే చోటుకు వెళ్ళి పనిచేసుకున్నారు. పుకార్లు ఆగుతాయన్నది ప్రభుత్వం వాదన. నిజం చెప్పే దారి కూడా దాంతోపాటే మూసుకుపోతుందన్నది నా అనుమానం.

పుకారు పుట్టినప్పుడు పోలీసులు ఏం చెయ్యాలి?

ముందు నిజం తేల్చాలి, తేలినదాన్ని వెంటనే గట్టిగా చెప్పాలి. 2012 ఏప్రిల్‌లో హైదరాబాద్ మాదన్నపేట దగ్గర ఒక గుడిలో మాంసం ముక్కలు కనిపించాయని గొడవ మొదలైంది. ఇళ్ళ మీద, బళ్ళ మీద దాడులు, మాదన్నపేట, సైదాబాద్‌లలో కర్ఫ్యూ. దర్యాప్తు చేసిన పోలీసులు అది పక్క మతంవాళ్ళ పని కాదని, గొడవ రేపడానికి గుడికి వెళ్ళే వర్గంలోని కొందరు యువకులే చేశారని చెప్పి అరెస్టులు చేశారు. అంటే మొదటి రోజు ‘ఎవరో అందరికీ తెలుసు’ అన్నవాళ్ళంతా తప్పే. ఆ మొదటి కొన్ని గంటల్లో సీఐ నోటి నుంచి ఏ మాట వస్తుందన్నది లాఠీకన్నా ముఖ్యం.

ద్వేషపూరిత ప్రసంగాల విషయంలో ఎవరో వచ్చి ఫిర్యాదు ఇచ్చేదాకా ఆగనక్కర్లేదు. పోలీసులు తమంతట తామే కేసు పెట్టాలని, చేసినవాళ్ళ మతం చూడొద్దని సుప్రీంకోర్టు 2022 అక్టోబర్‌లో మూడు ప్రాంతాలకు చెప్పి, 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ వర్తింపజేసింది. పెట్టకపోతే కోర్టు ధిక్కారంగా చూస్తామంది.

గుంపు ముందు నిలబడ్డ ఎస్ఐకి ఎంత అధికారం ఉంది? కాల్చమనేది ఎవరు?

చెదిరిపొమ్మని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు ఉంది. ఆయన లేనప్పుడు ఎస్ఐకి తగ్గని ఏ అధికారికైనా ఉంది (నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 148). వినకపోతే బలం వాడొచ్చు. అంటే చట్టం ఆ అధికారాన్ని కమిషనర్ ఆఫీసులో దాచిపెట్టలేదు, వీధిలో నిలబడ్డవాడి చేతికే ఇచ్చింది.

అయితే బలం మెట్లు మెట్లుగా పెరగాలి. ముందు మైకులో హెచ్చరిక, జనానికి వినిపించేలా, వాళ్ళ భాషలో. తర్వాత నీళ్ళ ఫిరంగి, బాష్పవాయువు, లాఠీ. కాల్పులు చివరి మెట్టు. కాల్చాల్సి వస్తే నడుము కిందికి గురిపెట్టాలి, అవసరం తీరగానే ఆపాలి, ఎన్ని తూటాలు పేలాయో లెక్క రాయాలి. ‘గాల్లోకి కాల్పులు’ అని పేపర్లలో మేమే రాస్తాం గానీ, పోలీసు శిక్షణలో దాన్ని సరైన పద్ధతిగా నేర్పరు. గాల్లోకి పోయిన తూటా ఏ డాబా మీద నిలబడ్డవాడికి తగులుతుందో ఎవరికీ తెలియదు. పైగా ఉత్తుత్తి కాల్పులే అనుకుని గుంపు ఇంకా మీదికొస్తుంది.

పారిపోవడానికి దారి ఉంచడం కూడా ఇందులో భాగమే. మూడు వైపులా మూసేసి నాలుగో వైపు నుంచి లాఠీలతో వస్తే జనం ఎటు పోతారు? 2011 జూన్‌లో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీద పోలీసులు విరుచుకుపడ్డారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది.

కాల్పుల్లో మనవాళ్ళు చనిపోతే ఏం అడగాలి?

మొదట పోస్టుమార్టం రిపోర్టు కాపీ, తూటా శరీరంలో ఎక్కడ తగిలిందన్న వివరం. నడుము పైన తగిలితే అదొక ప్రశ్న, వీపులో తగిలితే ఇంకా పెద్ద ప్రశ్న. ఆ తర్వాత మేజిస్టీరియల్ విచారణ కోరండి, అందులో వాంగ్మూలం ఇవ్వండి. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు అన్నంత మాత్రాన ఫైలు మూసేయకూడదని, ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయాల్సిందేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో ఎన్‌కౌంటర్ కేసుల్లో చెప్పింది. 2007 మే 18 మక్కా మసీదు పేలుడు రోజు బాంబుకు 9 మంది పోతే, తర్వాత రోడ్డు మీద పోలీసు కాల్పుల్లో మరో 5 మంది పోయారు. బాంబు పెట్టిందెవరన్న దర్యాప్తు చేతులు మారుతూ ఏళ్ళ తరబడి వార్తల్లో ఉంది. కాల్చిందెవరన్నది ఎంతమందికి గుర్తుంది?

ఆర్మీని ఎప్పుడు పిలుస్తారు? నీలం డ్రెస్సువాళ్ళు ఎవరు?

నీలం మచ్చల యూనిఫాం వాళ్ళు ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్. సీఆర్‌పీఎఫ్‌లో భాగం, 1992 అక్టోబర్ 7 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. 99వ బెటాలియన్ మన హైదరాబాద్‌లోనే ఉంటుంది. అల్లర్ల కోసమే ప్రత్యేకంగా తయారైన బలగం కాబట్టి ఫ్లాగ్ మార్చ్‌కు వీళ్ళనే దింపుతారు. ఇక పోలీసులతో కాదనుకున్నప్పుడు జిల్లా మేజిస్ట్రేట్ గానీ ఆయన అధికారం ఇచ్చిన మేజిస్ట్రేట్ గానీ సైన్యాన్ని కోరవచ్చు. సైన్యం వచ్చినా అది పౌర అధికారులకు సాయమే.

‘పై నుంచి ఆర్డర్ రాలేదు’ అని పోలీసులు అంటే అది చెల్లుతుందా?

చెల్లదు. పైన చెప్పిన సెక్షన్లన్నీ మళ్ళీ చదవండి, ఎక్కడా మంత్రి అనుమతి అన్న మాట లేదు. ఇల్లు తగలబెడుతున్నవాణ్ణి పట్టుకోవడానికి ఎస్ఐకి ఎవరి ఫోనూ అక్కర్లేదు.

చట్టం అలా ఉంటే జరిగేది ఇంకోలా ఎందుకుంటుంది? బదిలీల వల్ల. గట్టిగా నిలబడ్డ సీఐ వారంలో వీఆర్‌కు (పోస్టింగ్ లేకుండా ఖాళీగా ఉంచే చోటుకు) పోతాడు, చూసీచూడనట్టు వదిలేసినవాడు అక్కడే ఉంటాడు. ఇది పోలీసులందరికీ తెలుసు. అందుకే 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు డీజీపీ నుంచి స్టేషన్ ఆఫీసర్ దాకా కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని, రాష్ట్ర భద్రతా కమిషన్, పోలీసు ఫిర్యాదుల అథారిటీ పెట్టాలని చెప్పింది. దాదాపు ఇరవై ఏళ్ళవుతోంది. ఏ పార్టీ ప్రభుత్వమూ దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయలేదు. పోలీసు తమ మాట వినాలన్న విషయంలో మాత్రం పార్టీల మధ్య ఐకమత్యానికి లోటు లేదు.

చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డ పోలీసు మీద కేసు పెట్టొచ్చా?

ఈ పేజీలో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా ఉన్న జవాబు ఇదే. పెట్టొచ్చు, కానీ నిలబెట్టడం చాలా కష్టం.

దాడి దళితుల మీదో గిరిజనుల మీదో అయితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 4 ఉంది. కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి (ఎస్సీ, ఎస్టీ కానివారికి) ఆరు నెలల నుంచి ఏడాది జైలు. ఆ చట్టం వచ్చిన రెండేళ్ళలోపే, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో పోలీసులు ఊళ్ళో ఉండగానే ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. కేసు కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

మిగతా అల్లర్లకు అలాంటి సెక్షన్ లేదు. ఒకరికి హాని జరగాలనే ఉద్దేశంతో చట్టాన్ని ధిక్కరించాడని రుజువు చేస్తే ఏడాది జైలు (న్యాయ సంహిత, సెక్షన్ 198), కానీ ఊరికే నిలబడ్డవాడి మనసులో ఏముందో ఎవరు రుజువు చేస్తారు? దానికి తోడు విధి నిర్వహణలో భాగంగా చేసిన పనికి ప్రాసిక్యూట్ చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. నాగరిక్ సురక్షా సంహితలో 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే అనే గడువు చేరింది. మంచి మార్పే. గుంపును చెదరగొట్టే క్రమంలో చేసిన పనులకు అదే సంహిత సెక్షన్ 151 కింద మరో రక్షణ కూడా ఉంది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. మీ ఖాళీ స్థలంలో గుంపు చేరి అల్లరి చేయబోతోందని తెలిసీ మీరు స్టేషన్‌కు కబురు చేయకపోతే మీకు వెయ్యి రూపాయల దాకా జరిమానా (న్యాయ సంహిత, సెక్షన్ 193). స్థలం యజమానికి ఉన్న ఈ బాధ్యత, కబురు అంది కూడా కదలని స్టేషన్‌కు అంత సూటిగా ఏ సెక్షన్‌లోనూ లేదు. ఈ ఖాళీని పూడ్చడానికి మతహింస నిరోధక బిల్లు 2005లో రాజ్యసభలో పెట్టారు. రాష్ట్రాల అధికారాల్లో కేంద్రం తలదూర్చడమేనన్న అభ్యంతరాలతో 2014 ఫిబ్రవరిలో అది అటకెక్కింది.

శిక్షలు అసలు పడవని కాదు. 1987లో మీరట్ హాషింపురాలో ముస్లిం యువకులను ట్రక్కులో ఎక్కించుకెళ్ళి కాల్చి కాలువలో పడేసిన కేసులో ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసులు 16 మందికి ఢిల్లీ హైకోర్టు యావజ్జీవం వేసింది. తేదీ 2018 అక్టోబర్ 31. ముప్పై ఒక్క ఏళ్ళు. అప్పటికి అందరూ రిటైరైపోయారు.

ముఖ్యమంత్రి, హోంమంత్రి సంగతేమిటి?

రాజకీయ బాధ్యతే తప్ప నేర బాధ్యత రుజువు చేయడం అరుదు. 1990లో వందమందికి పైగా చనిపోయిన హైదరాబాద్ అల్లర్ల తర్వాత చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు, నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. పార్టీలోని గొడవలే అల్లర్లకు ఆజ్యం పోశాయన్న మాట అప్పట్లో గట్టిగా వినిపించింది. 1984 సిక్కుల ఊచకోతకు మన్మోహన్ సింగ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2005 ఆగస్టులో.

విచారణ కమిషన్ వేస్తే న్యాయం జరిగినట్టేనా?

కమిషన్ శిక్ష వేయలేదు, సిఫారసు మాత్రమే చేస్తుంది. 1952 చట్టం ప్రకారం నివేదికను చర్యల వివరంతో ఆరు నెలల్లో శాసనసభ ముందు పెట్టాలి. కొన్ని నివేదికలు ఆ గడప తొక్కవు. బొంబాయి 1992-93 అల్లర్ల మీద శ్రీకృష్ణ కమిషన్ 1998లో పోలీసుల తప్పుల్ని స్టేషన్ల వారీగా రాసిపెట్టింది. అందులో ఎంత అమలైందని అడిగితే సమాధానం చిన్నదే.

మనకు దగ్గరి ఉదాహరణ 1978 హైదరాబాద్. నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం, దానిమీద నగరం భగ్గుమంది. అంటే అల్లరికి మూలం పోలీసు స్టేషనే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, అక్కడ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు.

నా షాపు తగలబెట్టారు. మొట్టమొదట ఏం చెయ్యాలి?

శుభ్రం చెయ్యకండి. చాలామంది చేసే తప్పు ఇదే. బూడిద ఊడ్చేసి, కాలిన షట్టర్ పాత ఇనుప సామానువాడికి అమ్మేసి, తర్వాత పంచనామా కోసం తిరుగుతారు. ముందు ఫోటోలు, వీడియో తీయండి. తర్వాత మీ పేరున, మీ షాపుకే విడిగా ఎఫ్ఐఆర్ కట్టించండి. ‘ఏరియా మొత్తానికి ఒకటి కట్టాం, అందులో మీదీ ఉంది’ అంటే ఒప్పుకోకండి. 1984లో ఢిల్లీలో పదుల కొద్దీ హత్యలను ఒకే ఎఫ్ఐఆర్‌లో కుక్కడం వల్ల కేసులు ఎంత బలహీనపడ్డాయో తర్వాతి కమిటీలన్నీ చెప్పాయి.

ఎఫ్ఐఆర్ కట్టడం పోలీసు దయ కాదని, విచారణార్హమైన (కోర్టు అనుమతి లేకుండా పోలీసులే దర్యాప్తు చేయగల) నేరం కనిపిస్తే కట్టితీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మా స్టేషన్ పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా కట్టి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు పంపేది) అడగండి. కట్టనంటే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి. ఆలస్యం ఎంత ప్రమాదమో మణిపుర్ చూపించింది. ఇద్దరు స్త్రీలను నగ్నంగా ఊరేగించిన ఘటన 2023 మే 4న జరిగింది. జీరో ఎఫ్ఐఆర్ మే 18న, అది సంబంధిత స్టేషన్‌కు చేరింది జూన్ 21న. వీడియో జూలై 19న బయటికొచ్చాక గానీ అరెస్టులు మొదలవలేదు.

ఇన్సూరెన్స్ ఉంటే అదే రోజు కంపెనీకి చెప్పండి. అగ్నిప్రమాద పాలసీల్లో సాధారణంగా అల్లర్లు, సమ్మెల నష్టం కవర్ అవుతుంది, పాలసీ కాగితంలో ఒకసారి చూసుకోండి. బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వస్తుంది, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. స్టాకు లెక్కకు జీఎస్టీ రిటర్నులు, హోల్‌సేల్ బిల్లులు పనికొస్తాయి. బిల్లులు షాపులోనే కాలిపోయుంటే హోల్‌సేల్ వాళ్ళ దగ్గర కాపీలు ఉంటాయి.

పరిహారం ఎవరిస్తారు?

మతపరమైన హింసలో మనిషి చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా కేంద్ర పథకం ఒకటుంది. 2008లో 3 లక్షలతో మొదలై తర్వాత 5 లక్షలైంది. దరఖాస్తు కలెక్టరేట్‌లో. రాష్ట్ర పరిహారం వేరు, బాధితుల పరిహార పథకం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళడం వేరు. ఆస్తి నష్టానికి మాత్రం కచ్చితమైన హక్కంటూ రాసిన చట్టం లేదు, ప్రభుత్వం ఎంత ప్రకటిస్తే అంత. హైకోర్టులో రిట్ వేసి గెలిచినవాళ్ళు ఉన్నారు. ఇందిరాగాంధీ హత్య తర్వాత కోయంబత్తూరులో షాపులు పోగొట్టుకున్న సిక్కులకు పరిహారం చెల్లించమని మద్రాసు హైకోర్టు తమిళనాడు ప్రభుత్వాన్ని ఆదేశించింది.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా: అక్కడ 1886 నుంచీ అల్లర్ల ఆస్తి నష్టానికి స్థానిక పోలీసు విభాగమే డబ్బు కట్టాలి. 2016లో ఆ చట్టాన్ని కొత్తగా రాశారు, మూలసూత్రం మార్చలేదు. తమ జేబులోంచి పోతుందంటే పోలీసు విభాగం ముందుజాగ్రత్త ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నష్టాన్ని అల్లరిమూకల దగ్గరే వసూలు చేయొచ్చుగా? ఇళ్ళు కూల్చేస్తే భయం ఉంటుందిగా?

వసూలు చేయొచ్చు, కానీ క్లెయిమ్స్ కమిషనర్ లెక్కగట్టి, ఎవరు చేశారో తేల్చి. 2009లో సుప్రీంకోర్టు ఈ మార్గదర్శకాలు ఇచ్చిన కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది, ఆంధ్రప్రదేశ్ అందులో ప్రతివాది. కూల్చడం వేరే సంగతి. నిందితుడైనా, దోషే అయినా ఆ కారణంతో ఇల్లు కూల్చకూడదని, అక్రమ కట్టడమైతే 15 రోజుల నోటీసు ఇవ్వాలని, తప్పు చేస్తే అధికారి జీతంలోంచి కట్టాలని 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఇంట్లో ఉండే ముసలావిడ రాయి విసరలేదు కదా.

నేను రోడ్డు మీద నిలబడి చూశానంతే. నన్నెందుకు పట్టుకున్నారు?

సీసీటీవీలో కనిపించారు కాబట్టి. సమూహంలో సభ్యుడని రుజువైతే రాయి విసరకపోయినా శిక్ష పడొచ్చు, కానీ చూడ్డానికి వచ్చినవాడు సభ్యుడు కాడు. 2002 గుజరాత్ అల్లర్లకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఇదే కారణంతో ఆరుగురిని వదిలేసింది. ఇరవై మూడేళ్ళ తర్వాత. గొడవ చోట సెల్‌ఫోన్ పైకెత్తి వీడియో తీస్తూ నిలబడకండి, ఇంటికి పోండి.

పీడీ యాక్ట్ పెడతామని బెదిరిస్తే అది వేరే స్థాయి. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచే చట్టం అది. మామూలు శాంతిభద్రతల సమస్యకు దీన్ని వాడొద్దని 2023 సెప్టెంబర్‌లో ఒక తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది.

అంతమంది చూస్తుండగా జరిగినా కేసులు ఎందుకు వీగిపోతాయి?

2016 జనవరి 31న తునిలో కాపు గర్జన రోజు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. పట్టపగలు, టీవీల్లో లైవ్. 2023 మే 1న విజయవాడ రైల్వే కోర్టు 41 మందిమీద కేసు కొట్టేసింది, దర్యాప్తు చేసిన అధికారుల తీరును తప్పుపట్టింది. రైలు తగలబడిందనడంలో ఎవరికీ అనుమానం లేదు. ఎవరు తగలబెట్టారో కోర్టుకు కావాల్సిన పద్ధతిలో చూపించలేదు. మొదటి వారంలో సాక్షుల వాంగ్మూలాలు, వీడియోల అసలు ఫైళ్ళు, గుర్తింపు పరేడ్ సరిగా చేయకపోతే ఏడేళ్ళ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ప్రభుత్వాలు కేసులు ఎత్తేయడం మరో దారి. దానికి కోర్టు ఒప్పుకోవాలి, ఇప్పుడు బాధితుడి మాట వినకుండా ఒప్పుకోకూడదు (నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 360). మీరు బాధితులైతే ఆ రోజు కోర్టులో ఉండండి.

గొడవ అయ్యాక ఊరివాళ్ళుగా మేం అడగగలిగేది ఏమైనా ఉందా?

ఉంది. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు. ఇవి అడగండి: గొడవకు ముందు పదిహేను రోజుల్లో ఎంతమందిని బైండోవర్ చేశారు, పీస్ కమిటీ మీటింగ్ ఏ తేదీన జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఊరేగింపు పర్మిషన్‌లో ఏ షరతులు పెట్టారు, ఆ రోజు బందోబస్తుకు ఎంతమంది, 163 ఉత్తర్వు ఎన్ని గంటలకు జారీ అయింది, మొదటి ఫోన్ కాల్ కంట్రోల్ రూముకు ఎన్ని గంటలకు వచ్చింది, మొదటి బండి ఎన్ని గంటలకు కదిలింది. దర్యాప్తు నడుస్తోందని కొన్నిటికి ఇవ్వమంటారు. అప్పీలు చేయండి. చివరి రెండు టైములు దొరికాయంటే, వాటి మధ్య ఎన్ని నిమిషాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. విచారణాధికారి ఊళ్ళోకి వచ్చినప్పుడు ముందు ఆ కాగితం చూపించండి.